కానుగ గింజ ఏ ఊరిది?

సంపాదకులకు,

నమస్కారం. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కానుగ కాయ ఎండి రాలుతుంది. వచ్చే వానాకాలంలో రోడ్ల పక్కన, చెరువు గట్ల మీద, బడి ఆవరణల్లో నాటబోయే మొక్కలకు గింజ ఏరుకోవాల్సింది ఇప్పుడే. జూలైలో మొక్కల పంపిణీ మొదలయ్యాక ఈ మాట చెప్పి లాభం లేదు. అందుకే ముందుగా రాస్తున్నాం.

చింత మొక్క కొనే రైతు రకం ఏదని అడుగుతాడు. అనంత రుధిరనా, అంటు మొక్కనా, గింజ మొక్కనా అని నిలదీస్తాడు. మామిడి సంగతి చెప్పనే అక్కర్లేదు. అదే రైతు కానుగ, వేప దగ్గరికి వచ్చేసరికి ఏమీ అడగడు. అడవి చెట్టే కదా, ఏ గింజైతే ఏం అనుకుంటాడు. మొక్కలు పెంచేవాళ్లలోనూ చాలామందిది ఇదే ధోరణి. గింజ ఏ ప్రాంతం నుంచి వచ్చిందో పుస్తకంలో ఒక్క గీత కూడా ఉండదు. నాటిన మూడేళ్లకు సగం చచ్చిపోతే వాన లేదంటారు, మేకలు తిన్నాయంటారు. రెండూ నిజమే కావచ్చు. ఆ గింజ ఈ నేలకు తగినదేనా అన్న అనుమానం మాత్రం ఎవరికీ రాదు.

కానుగలో తేడాలు ఎంత పెద్దవో తూకం వేస్తే తెలుస్తుంది. కిలోకు 800 గింజలు తూగే చెట్లున్నాయి, 1,500 తూగేవీ ఉన్నాయి. అంటే 100 గింజల బరువు సుమారు 65 గ్రాముల నుంచి 125 గ్రాముల దాకా మారుతుంది. నూనె 27 శాతం నుంచి 39 శాతం మధ్య ఉంటుంది. కాయ పొడవు, మందం, కాయలో ఒకటే గింజ ఉందా రెండున్నాయా, మొలక ఎన్ని రోజులకు వచ్చింది, నూటికి ఎన్ని మొలిచాయి, మూడు నెలలకు మొదలు ఎంత లావైంది, ఆకు ఎంత వెడల్పు, ఇవన్నీ ప్రాంతాన్ని బట్టి మారతాయి. ఒకే ప్రాంతంలో చెట్టును బట్టి కూడా మారతాయి. కానుగ పూల పుప్పొడిని తేనెటీగలు చెట్టు నుంచి చెట్టుకు చేరవేస్తాయి. అందుకే ఒకే చెట్టు కింద ఏరిన గింజల నుంచి వచ్చిన మొక్కలు కూడా ఒక్క తీరుగా ఉండవు. ఆకు మీద బుడిపెల తెగులు చూడండి. నల్లి వల్ల వచ్చే ఆ బుడిపెలతో ఒక చెట్టు ఆకులన్నీ గరగరలాడుతుంటే, కొమ్మకు కొమ్మ తగిలే పక్క చెట్టు నున్నగా పచ్చగా ఉంటుంది.

కనిపించిన ప్రతి తేడానూ పుట్టుకతో వచ్చిన లక్షణం అనుకోవడం మాత్రం పొరపాటు. కేసీ (కర్నూలు-కడప) కాలువ గట్టు మీది కానుగకు ఏడాదిలో ఎక్కువ కాలం వేళ్లకు తేమ అందుతుంది. కాయ పండడానికి పూత నుంచి దాదాపు పది నెలలు పడుతుంది. ఆ పది నెలలూ నీళ్లు చాలిన చెట్టు గింజను బాగా నింపుతుంది. కళ్యాణదుర్గం వైపు గరుసు గుట్ట మీది చెట్టుకు ఆ భాగ్యం లేదు. మంచి వాన కురిసిన ఏడు లావు గింజ ఇస్తుంది, కరువు ఏడు సన్న గింజ ఇస్తుంది. చెట్టు అదే, గింజ బరువు మారింది. కాబట్టి ఒక్క ఏడాది తూకం చూసి ఫలానా ప్రాంతపు కానుగ గొప్పదని చెప్పలేం. కాలువ గట్టు గింజను, గుట్ట గింజను ఒకే మట్టిలో, ఒకే సైజు సంచిలో, ఒకే నీళ్లతో పెంచాలి. అప్పుడు కూడా మిగిలిన తేడాయే లెక్కలోకి వస్తుంది.

అక్కడ కూడా ఒక మెలిక ఉంది. కానుగ మొలిచేటప్పుడు పప్పు బద్దలు మట్టిలోనే ఉండిపోతాయి. మొలక మొదటి వారాల్లో వాటి సత్తువ మీదే ఎదుగుతుంది. లావు గింజకు ఆ నిల్వ ఎక్కువ కాబట్టి మూడు నెలల దాకా దాని మొక్కే పొడుగ్గా కనిపిస్తుంది. నర్సరీకి వెళ్లిన వాళ్లందరూ ఆ వరుసనే మెచ్చుకుంటారు. నిల్వ అయిపోయాక ఆ ఆధిక్యం మెల్లగా కరిగిపోతుంది, రెండో ఏడు చేరేసరికి వరుసలు తారుమారు కావచ్చు. అందుకే మూడు నెలల మొక్క ఎత్తు చూసి ప్రాంతాలకు మార్కులు వేసే నివేదికలను జాగ్రత్తగా చదవాలి. పోలిక న్యాయంగా ఉండాలంటే రెండు ప్రాంతాల నుంచీ దాదాపు ఒకే బరువున్న గింజలను వేరుచేసి విత్తాలి. అది కుదరకపోతే విత్తే ముందు ప్రతి వరుస గింజ తూకం రాసిపెట్టుకుని, తర్వాత లెక్కలో దాన్ని సవరించుకోవాలి.

ఎత్తు చూడొద్దంటే మరేం చూడాలి? మొదలు లావు, వేరు. మొక్క ఎత్తును సెంటీమీటర్లలో, మట్టికి ఆనుకుని కాండం లావును మిల్లీమీటర్లలో కొలవండి. ఎత్తును లావుతో భాగించండి. ఆరు లోపు వస్తే గట్టి మొక్క. 60 సెంటీమీటర్ల మొక్క మొదలు 6 మిల్లీమీటర్లే ఉంటే పది వస్తుంది. అంటే అది నీడలో, కిక్కిరిసిన వరుసల్లో వెలుతురు కోసం సాగిపోయిన మొక్క. ఆ తర్వాత వరుసకు ఐదు సంచులు బ్లేడుతో నిలువునా కోసి, మట్టిని నీళ్లలో కడిగేయండి. తల్లివేరు సూటిగా దిగిందా, సంచి అడుగున చుట్టలు తిరిగిందా చూడండి. చుట్ట తిరిగితే తప్పు గింజది కాదు, సంచిది. మొక్కను అందులో ఎక్కువ కాలం ఉంచేశారన్నమాట. తర్వాత వేరును, పై భాగాన్ని విడగొట్టి 70 డిగ్రీల ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టి తూయాలి. మెట్ట ప్రాంతపు గింజ మొక్కలు తరచుగా వేరు వైపు ఎక్కువ పెడతాయి, ఆకును చిన్నగా, మందంగా వేస్తాయి, పైకి నిదానంగా వెళతాయి. తడి ప్రాంతపు మొక్కలు వెడల్పాటి ఆకుతో తొందరగా పైకి లేస్తాయి. ప్రతి చెట్టు విషయంలో ఇది నిలవదు గానీ, ఎంపికకు మొదటి ఆధారం ఇదే.

అనంతపురంలో ఈ తేడా ఎందుకు ప్రాణం మీదికి వస్తుందో చెబుతాం. ఇక్కడ ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గర. గోదావరి జిల్లాల్లో 1,100 దాటుతుంది. అంకెల తేడా ఒక ఎత్తు, వాన పడే తీరు ఇంకో ఎత్తు. అనంతపురానికి పెద్ద వాన సెప్టెంబరులో. జూన్ నుంచి ఆగస్టు దాకా మబ్బులు ఊరిస్తాయి, పడమటి గాలి మాత్రం ఆగకుండా వీస్తుంది. రామగిరి గుట్టల మీద గాలిమరలు పెట్టింది ఆ గాలిని చూసే. జూలై మొదటి వానకు నాటిన మొక్కకు ఆకు వెడల్పుగా ఉండి వేరు తక్కువైతే, ఆకు నుంచి పోయే తడిని వేరు భర్తీ చేయలేదు. ముందు ఆకు అంచులు మాడతాయి, ఆ తర్వాత చిగురు ఎండుతుంది. కింది నుంచి మళ్లీ చిగురు వేసే సత్తువ వేరులో ఉంటే మొక్క బతుకుతుంది, లేకపోతే కర్రపుల్ల మిగులుతుంది.

పోలిక పెట్టి చూడాలనుకునే వ్యవసాయ కళాశాల విద్యార్థులకు, నర్సరీ రైతులకు ఒక మాట. ఐదారు ప్రాంతాల గింజ తెచ్చి ఒక్కో ప్రాంతానికి ఒక్కో మడి కేటాయించి పెంచితే ఆ ప్రయోగం దండగ. కొళాయి పక్క మడికి నీళ్లెక్కువ, చెట్టునీడ మడికి ఎండ తక్కువ. చివరికి మీరు కొలిచింది మడులను, ప్రాంతాలను కాదు. స్థలాన్ని నాలుగు భాగాలు చేసి, ప్రతి భాగంలోనూ అన్ని ప్రాంతాల సంచులూ ఉండాలి, ఏది ఎక్కడ అన్నది చీటీలు తీసి నిర్ణయించాలి. ఒక్కో భాగంలో ప్రాంతానికి 20, 25 మొక్కలైనా లేకపోతే సగటుకు విలువ ఉండదు. చుట్టూ ఒక వరుస కాపలా మొక్కలు పెట్టి వాటిని కొలవకుండా వదిలేయాలి. అంచు వరుసకు ఎండా గాలీ ఎప్పుడూ ఎక్కువే. మొలకలు రోజూ ఒకే వేళకు లెక్కపెట్టాలి. నెలాఖరు మొత్తం రెండు ప్రాంతాలకూ నూటికి 80 వచ్చినా, ఒకటి పదిహేను రోజుల్లో అందరినీ లేపి, రెండోది నెలంతా సాగదీస్తే, మొదటి దాని మొక్కలు ఒక్కతీరుగా ఎదుగుతాయి.

కానుగ పప్పుజాతి చెట్టు. వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవులే దానికి నత్రజని సమకూరుస్తాయి. పాత కానుగ చెట్టు కింది మట్టి కొంచెం సంచి మట్టిలో కలపడం అందుకే మంచిది. ప్రయోగంలో మాత్రం కలిపితే అన్ని సంచుల్లోనూ ఒకే పాళ్లలో కలపాలి. కొన్నింటికి కలిపి కొన్నింటిని వదిలేస్తే అక్కడా లెక్క తప్పుతుంది.

ఇక గింజ సేకరణ. ఊరి మొదట్లో చేతికందే ఒక్క పెద్ద చెట్టు కింద గోనెసంచి నింపుకుపోవడమే మామూలుగా జరిగేది. అప్పుడు వెయ్యి మొక్కలూ ఒకే తల్లి బిడ్డలవుతాయి, రేపు అవి తమలో తాము కలిసి ఇచ్చే గింజ బలహీనపడుతుంది. కనీసం 25, 30 చెట్ల నుంచి, చెట్టుకు చెట్టుకు 100 మీటర్లయినా దూరం ఉండేలా ఏరాలి. ప్రతి చెట్టు నుంచీ ఇంచుమించు సమానంగా తీసుకోవాలి. ఒంటరిగా నిలబడిన చెట్టును వదిలేయడం మంచిది, దానికి వేరే చెట్ల పుప్పొడి సరిగా అంది ఉండదు. కాయ రంగు పసుపు దాటి గోధుమలోకి తిరిగాక కొమ్మ మీది నుంచే కోయాలి. కింద పడి నెలలు గడిచిన కాయలో పురుగు రంధ్రాలుంటాయి. కానుగ కాయ దానంతటదే పగలదు. కొయ్య సుత్తితో అంచు మీద మెల్లగా కొట్టి విప్పాలి. గట్టిగా కొడితే పప్పు చీలుతుంది. చీలిన గింజ బయటికి బాగానే కనిపించి మట్టిలో కుళ్లుతుంది. గింజను నీడలో ఆరబెట్టి గుడ్డ సంచిలో పెడితే ఏడాది దాకా మొలక శక్తి ఉంటుంది, నెలలు గడిచే కొద్దీ తగ్గుతూ వస్తుంది. ఊరు, మండలం, నేల రకం, ఎన్ని చెట్లు, ఏ తేదీ అన్న చీటీ సంచి లోపల ఒకటి, బయట ఒకటి కట్టాలి. బయటి చీటీ ఎప్పుడో ఒకప్పుడు ఊడిపోతుంది.

విత్తే ముందు రాత్రంతా చన్నీళ్లలో నానబెడితే చాలు. తుమ్మ, సుబాబుల్ గింజలకు పోసినట్టు దీనికి మరిగిన నీళ్లు పోసేవాళ్లున్నారు. కానుగ పొర కాగితమంత పలచన, లోపలి పప్పు ఉడికిపోతుంది. ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, చివికిన పశువుల ఎరువు ఒక పాలు కలిపిన సంచిలో అంగుళం లోతు మించకుండా, గింజ ముక్కు కిందికి ఉండేలా పెట్టాలి. తలకిందులైతే మొలక వంపు తిరిగి వస్తుంది, మొదలు దగ్గర ఆ వంకర అలాగే ఉండిపోతుంది. పది రోజులకు మొలకలు మొదలై నెలకు పూర్తవుతాయి. పచ్చి పేడ కలిపితే వేడికి మొలక మాడుతుంది, చెదలు కూడా పడతాయి.

సరే, ఏ ప్రాంతపు గింజ తేవాలి? జిల్లా గీతను నమ్ముకోవద్దు. వాన, ఎత్తు, నేల, ఈ మూడూ కలిసే చోటు వెతకాలి. కడప పట్టణం సముద్రమట్టానికి 140 మీటర్ల లోపు ఎత్తులో ఉంటుంది, హిందూపురం 600 దాటుతుంది. కడపకు ఈశాన్య వానలు బాగా అందుతాయి, కర్నూలు ఎక్కువగా నైరుతి మీదే బతుకుతుంది. మడకశిర రైతుకు రాష్ట్రం గీత దాటి కర్ణాటకలోని పావగడ, చళ్లకెర వైపు చెట్ల గింజ దగ్గరి చుట్టం. మన రాష్ట్రంలోదే అయినా కోస్తా గింజ దూరపు చుట్టం. కర్నూలు, జమ్మలమడుగు నల్లరేగడికి నల్లరేగడి చెట్ల గింజ, అనంతపురం ఎర్ర గరుసుకు గరుసు నేల చెట్ల గింజ వెతకాలి. రేగడి వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిస్తుంది, ఆ నెర్రెల్లో పీచువేళ్లు తెగుతాయి. ఎర్ర గరుసులో ఆ బాధ లేదు గానీ నాలుగు రోజులు వాన వెనకాడితే తడి మిగలదు. లోతుకు దిగే తల్లివేరే దిక్కు.

నూనె కోసం తోట వేసేవాళ్ల సంగతి వేరు. 2000 తర్వాతి బయోడీజిల్ ఊపులో కానుగను గింజ మొక్కలతోనే విస్తారంగా నాటారు. గింజ మొక్క కాపుకు రావడానికే నాలుగైదేళ్లు పైన పడుతుంది. వచ్చాక పక్కపక్క చెట్లలోనే ఒకటి విరగకాస్తుంది, ఇంకొకటి పూత రాల్చి ఊరుకుంటుంది. నూనెకైతే కాపు, నూనె శాతం కొన్నేళ్లు చూసి ఎంచిన చెట్ల నుంచి పుల్ల తెచ్చి, మన నేల గింజతో పెంచిన వేరు మొక్క మీద అంటు కట్టాలి. కానుగకు చీలిక అంటు బాగానే పడుతుంది. అలాగని నీడకు, గట్ల కోతను ఆపడానికి నాటే చోట అంటు మొక్కలు పెట్టొద్దు. అక్కడ రకరకాల తల్లుల బిడ్డలు కలిసి ఉంటేనే తెగులు వచ్చినా, కరువు వచ్చినా కొన్ని నిలుస్తాయి.

వేప విషయంలో ప్రాంతం కన్నా ముందు చూడాల్సింది ఆలస్యం. వేపపండు జూన్, జూలైల్లో పండుతుంది. గుజ్జు కడిగి నీడన ఆరబెట్టిన గింజ మామూలు గదిలో కొన్ని వారాలే బతుకుతుంది. దూరం ఊరి నుంచి గింజను ప్లాస్టిక్ సంచిలో బిగించి లారీలో తెస్తే లోపల ఆవిరి పట్టి వేడెక్కుతుంది. అది మొలవకపోతే ఆ ప్రాంతపు వేప పనికిరాదని తీర్పు చెప్పేస్తారు. సేకరించిన తేదీ, విత్తిన తేదీ పక్కపక్కన రాయని మొలక శాతాలను నమ్మొద్దు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) చొరవతో 1993లో అంతర్జాతీయ వేప వేదిక ఏర్పడి, దేశదేశాల వేప గింజలను ఒకేచోట నాటి పోల్చే పని మొదలుపెట్టింది. ఆ స్థాయి పని మనకు అక్కర్లేదు. మూడు జిల్లాల గింజను ఒకే రోజున విత్తి చూసినా చాలా సంగతులు బయటపడతాయి.

ఎర్రచందనం మన శేషాచలం, పాలకొండ, లంకమల, వెలిగొండల సొంత చెట్టు. 1995 నుంచి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో ఉంది. దాని కాయ గుండ్రటి రెక్కతో ఉంటుంది, లోపల ఒకటి, అరుదుగా రెండు గింజలు. పెంకు గట్టిది కాబట్టి మొలక చాలా తక్కువ. రెక్క కత్తిరించి, మూడు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టడం మామూలు పద్ధతి. కొన్ని కాయల్లో గింజే ఉండదు. అందుకే మొలక శాతం లెక్కించే ముందు 50 కాయలు కోసి ఎన్ని బోడివో చూసుకోవాలి. బోడి కాయల శాతం కూడా కొండను బట్టి, ఏడాదిని బట్టి మారుతుంది. పొలం గట్ల మీద దీన్ని నాటే రైతులు మొక్క అమ్మేవాళ్లను ఏ కొండ గింజ అని అడగాలి, చీటీ రాయించుకోవాలి.

మీ జిల్లా పేజీలో మొక్కల పంపిణీ వార్తలు లక్షల అంకెలతో వస్తుంటాయి. ఈసారి ఆ వార్త రాసే విలేకరి రెండు ప్రశ్నలు అదనంగా అడిగితే బాగుంటుంది: గింజ ఏ మండలాల్లో, ఎన్ని చెట్ల నుంచి ఏరారు, సంచిలో మొక్క వయసెంత. ఆరు నెలలు దాటిన కానుగ చిన్న సంచిలోనే ఉందంటే ఒక సంచి కోసి వేరు చూపించమని కూడా అడగవచ్చు.

ఇట్లు,
విత్తన సేకరణ, నర్సరీ పనిలో ఉన్న కొందరం,
అనంతపురం